హెన్రీ రాజు కూతురై ఉండి కూడా మటిల్డా ఇంగ్లండ్ రాణి ఎందుకు కాలేకపోయింది?
మొదటి హెన్రీ కొడుకు విలియం 1120లో వైట్ షిప్ అనే ఓడ మునిగి చనిపోయాడు, దాంతో నా తర్వాత కూతురు మటిల్డాకే సింహాసనం అని హెన్రీ బారన్లందరితో (పెద్ద భూస్వాములైన ప్రభువులతో) ఒట్టు వేయించాడు. కానీ 1135లో ఆయన పోగానే మేనల్లుడు స్టీఫెన్ గబగబా సముద్రం దాటొచ్చి మూడు వారాల్లో కిరీటం పెట్టేసుకున్నాడు, ఒట్టేసినవాళ్లలో అతనూ ఉన్నాడు! ఆడమనిషి ఏలడం చాలామందికి ఇష్టంలేదు, పైగా ఆమె భర్త ఫ్రాన్స్‌లోని ఆంజూ ప్రాంతంవాడు, అప్పట్లో ఇంగ్లండ్‌ని ఏలుతున్న నార్మన్లకి ఆంజూవాళ్లంటే అస్సలు పడదు. 1141లో లింకన్ యుద్ధంలో స్టీఫెన్ మటిల్డా పక్షంవాళ్లకి దొరికిపోయినా, పట్టాభిషేకం కాకముందే లండన్ జనం ఆమెని తరిమేశారు. మరుసటేడు ఆక్స్‌ఫర్డ్ కోటలో చిక్కుకుపోయి, మంచులో కనబడకుండా తెల్లబట్టలు కప్పుకుని, గడ్డకట్టిన నది మీద నడిచి తప్పించుకుందని ఆనాటివాళ్లు రాశారు, ఆ ధైర్యం తల్చుకుంటే నాకిప్పటికీ ఒళ్లు గగుర్పొడుస్తుంది. చివరికి స్టీఫెన్ తర్వాత ఆమె కొడుకుకే సింహాసనం అని 1153లో కుదిరిన ఒప్పందం వల్ల, మరుసటేడు స్టీఫెన్ పోయాక ఆ కొడుకు రెండో హెన్రీగా రాజయ్యాడు.