టెన్షన్ అని రాసి ఊరుకోకు

చిరంజీవికి,

"బీపీకి అసలు కారణం టెన్షనే, మనసు ప్రశాంతంగా ఉంచుకుంటే చాలు" అని నీ వ్యాసంలో రాశావు. ఆ వాక్యం దగ్గర నాకు కోపం ఆగలేదు. ఏ చీకూచింతా లేని మనిషికీ బీపీ వస్తుంది. నీ మాట నమ్మి ఎవరైనా మాత్రలు మానేస్తే? టెన్షన్ పడితే బీపీ పెరగడం నిజమే. కానీ ఆ టెన్షన్ రక్తనాళం దాకా ఏ దారిన వెళ్లిందో చెప్పవేం? ఆరోగ్యం గురించి రాసేవాళ్లకు నేనెప్పుడూ చెప్పేది అదే, దారి చూపించమని. నరం ఎక్కడ బయల్దేరింది, దాని కొసన ఏం విడుదలైంది, దానికి నాళం ఏం చేసింది. ఒక్క మెట్టు దాటేసినా చదివేవాడికి ఏమీ అర్థం కాదు.

నేను రాయడం మొదలుపెట్టిన రోజుల్లో సర్పగంధ మీద వ్యాసం రాసి ఓ వారపత్రికకు ఇచ్చాను. ఈ మొక్క వేరు బీపీని తగ్గిస్తోందని బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 1949లో బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో రాశారు. 1952లో దాన్నుంచి రిసర్పిన్ అనే మందును వేరుచేశారు. ఒంటిని ఉరుకులకు సిద్ధం చేసే సింపథెటిక్ నరాల కొసల్లో నార్ఎడ్రినలిన్ అనే రసాయనం చిన్న చిన్న సంచుల్లో నిల్వ ఉంటుంది. నరం కబురు పెట్టగానే బయటికొచ్చి నాళాన్ని బిగిస్తుంది. రిసర్పిన్ ఆ సంచులు నిండనివ్వదు. నిల్వ తరిగిపోయి నాళం సడలుతుంది, బీపీ దిగుతుంది. ఈ భాగమంతా కొట్టేసి ఆ సంపాదకుడు "బీపీకి పది చిట్కాలు" అని వేశాడు! చిట్కాల శీర్షికలంటే అప్పటి నుంచీ నాకు మంట. ఆ వేరు కషాయం కాచుకు తాగమనేవాళ్లంటే ఇంకా మంట. రిసర్పిన్ మెదడు మీదా పనిచేస్తుంది. మనిషిని దిగులులోకి నెడుతుందన్న భయం కూడా దాని వాడకం తగ్గడానికి ఒక కారణం.

నీ నాలుగో పేరా మాత్రం బంగారం. మీ అమ్మగారు మంచం మీంచి లేచి, కళ్లు తిరిగి, గోడ పట్టుకుని నిలబడ్డారని రాసి ముందుకెళ్లిపోయావు. అక్కడ ఆగాలమ్మా! మనం నిలబడగానే దాదాపు అర లీటరు రక్తం కాళ్లలోకి, పొట్టలోకి దిగుతుంది. దవడ కింద, కెరోటిడ్ ధమని చీలే చోట, దాని గోడలో ఉన్న నరాల కొసలు ఒత్తిడి పడిపోయిందని మెదడు అడుగుభాగమైన మెడుల్లాకు తెలియజేస్తాయి. మెడుల్లా సింపథెటిక్ నరాలను పురమాయిస్తుంది. గుండె వేగం పెరుగుతుంది, నాళాలు బిగుస్తాయి. అంతా కొన్ని సెకన్లలో జరిగిపోతుంది. వయసు పైబడినవాళ్లలో, ఏళ్ల తరబడి బీపీ ఉన్నవాళ్లలో ఇది మందగిస్తుంది. కొన్ని బీపీ మాత్రల వల్లా కళ్లు తిరగొచ్చు. పైగా ఒత్తిడి చాలాకాలం ఎక్కువగా ఉంటే ఆ కొసలు దాన్నే మామూలుగా లెక్కగట్టడం మొదలుపెడతాయి. మూత్రపిండాలకు వెళ్లే నరాలేమో రెనిన్ అనే ఎంజైమ్‌ను విడుదల చేయించి, ఒంట్లో ఉప్పు నిలిచేలా చేస్తాయి. ఆ నరాలను కేథటర్ అనే సన్నని గొట్టంతో మాడ్చే చికిత్సకు అమెరికా 2023లో అనుమతి ఇచ్చింది. ఉత్తుత్తి చికిత్సతో పోల్చి చూసిన పరీక్షలో 2014లో అదే పద్ధతి నెగ్గలేకపోయింది. రెండూ రాయి, ఒకటి దాచకు.

నాలుగో పేరా నుంచి మొదలుపెట్టి మళ్లీ రాసి పంపు. ఈలోగా అమ్మగారిని డాక్టర్‌కి చూపించు. పడుకున్నప్పుడు ఒకసారి, లేచి నిలబడ్డాక మూడు నిమిషాల్లోపు ఇంకోసారి బీపీ చూడమని అడుగు. డాక్టర్ చెప్పకుండా మాత్రలు మాత్రం మాన్పించకు.

ఆశీస్సులతో