అదృష్టవంతుడా? అహంకారా?

ప్ర: ‘ఎ ఫార్చునేట్ మ్యాన్’ సినిమా చూశాను. చేతికందిన ప్రాజెక్టునీ, ప్రాణంగా ప్రేమించిన యాకోబెనీ వదిలేసుకున్న పెర్‌ని అదృష్టవంతుడు అనడమేంటండీ? కోపం వచ్చింది.

జ: నాకూ వచ్చింది. ఒక్క క్షమాపణ చెబితే పనైపోయేది కదా! కాలువలు తవ్వి, గాలితో, అలలతో కరెంటు పుట్టించాలని 19వ శతాబ్దంలోనే కలగన్న ఇంజనీరు పెర్, తన ప్రాజెక్టు ఎవరి చేతిలో ఉందో ఆ పెద్దాయన ముందు తల వంచలేకపోయాడు. మొదటిసారి చూసినప్పుడు అక్కడే ఆపేసి, మిగతాది మర్నాడు చూశాను. (సినిమా రెండున్నర గంటలు దాటుతుంది, అదో సాకు.)

అయితే అది ఒట్టి పొగరు కాదు. పెర్ డెన్మార్క్‌లోని జట్లాండ్‌లో ఓ పాస్టర్ కొడుకు. తండ్రి కాఠిన్యం పడక కోపెన్‌హాగన్ పారిపోయాడు. ఇల్లు వదిలాడు గానీ ఆ కాఠిన్యాన్ని వెంటే తెచ్చుకున్నాడు. యాకోబెది సంపన్న యూదు కుటుంబం. వాళ్లింట్లో ఆప్యాయతకి కొదవ లేదు. దాన్ని అందుకోవడమే ఇతనికి చేతకాలేదు.

ఇక పేరు సంగతి. హెన్రిక్ పాంటోపిడాన్ 1898-1904 మధ్య వెలువరించిన మూల నవల పేరు ‘లుక్కె పెర్’. డేనిష్‌లో ‘లుక్కె’ అంటే అదృష్టమూ, ఆనందమూ రెండూ. ఇంగ్లీషు పేరులో మొదటిదే మిగిలింది, మీ కోపానికి సగం కారణం అదే. రచయితకి 1917లో నోబెల్ వచ్చింది, ఇంకో డేనిష్ రచయితతో కలిపి. దర్శకుడు బిల్లె ఆగస్ట్.

ఈసారి పెర్‌ని వదిలేసి, యాకోబెని చూస్తూ సినిమా చూడండి.