ఆప్ ఆంప్ సైజింగ్ చేస్తున్న మేనకోడలికి

నల్లగొండ

చిరంజీవి శ్రావణికి మేనమామ ఆశీస్సులు.

నీ ఆప్ ఆంప్ (ఆపరేషనల్ ఆంప్లిఫయర్) సైజింగ్ ప్రోగ్రాం, అంటే ట్రాన్సిస్టర్ల వెడల్పులు, కరెంట్లు వంటివి ఎంచే ప్రోగ్రాం, ఎక్కడ మొదలుపెడితే అక్కడికో జవాబు ఇస్తున్నదని, కనుక అల్గోరిథం మార్చాలనుకుంటున్నానని రాశావు. అది తర్వాత చూద్దాం బిడ్డా, ముందు సమస్యను రాసుకున్న తీరు మార్చు.

పికోఫారడ్ల కెపాసిటరును, మైక్రో ఆంపియర్ల కరెంటును, 60 డిగ్రీల ఫేజ్ మార్జిన్‌ను (సర్క్యూట్ ఊగిసలాటకు ఎంత దూరంలో ఉందో చెప్పే కొలతను) స్కేలింగ్ లేకుండా ఒకే లెక్కలో పెడితే వాలును చూసి దిగే గ్రేడియంట్ పద్ధతులు సాధారణంగా సరిగ్గా నడవవు. వెడల్పులు, కరెంట్లు, కెపాసిటెన్సులు ఎప్పుడూ ధనాత్మకమే కనుక వాటి లాగరిథమ్‌లనే చలరాశులుగా తీసుకో. దీనివల్ల ఇంకొక మేలున్నది. ఆప్ ఆంప్ స్పెసిఫికేషన్లలో చాలావాటిని పాజినోమియల్ రూపంలో (ధనాత్మక గుణకాలున్న ఘాత పదాల మొత్తంగా) రాయవచ్చునని, అప్పుడు జామెట్రిక్ ప్రోగ్రామింగ్ ద్వారా సమస్య కాన్వెక్స్‌గా (ఒకే గిన్నె ఆకారంగా) మారి గ్లోబల్ ఆప్టిమమ్ (అన్నిటికంటే మంచి జవాబు) దొరుకుతుందని హెర్షెన్సన్, బాయిడ్, లీ 2001లో చూపించారు. అయితే ఆ హామీ సులభ సమీకరణాలకే గాని అసలు ట్రాన్సిస్టరుకు కాదు. ఆ జవాబును ప్రారంభ బిందువుగా వాడుకుని, మిగతా పని స్పైస్ అనే సర్క్యూట్ సిమ్యులేటర్‌తో చెయ్యి.

స్పైస్ దగ్గరే చాలామంది దెబ్బతింటారు. దాని రిలేటివ్ టాలరెన్స్ (జవాబులో ఒప్పుకునే సాపేక్ష దోషం) సాధారణంగా 0.001 ఉంటుంది. నువ్వు వెడల్పును పది లక్షల్లో ఒక వంతు కదిలించి తేడా తీస్తే, వచ్చేది గ్రేడియంట్ కాదు, సిమ్యులేటర్ నాయిస్. టాలరెన్స్‌ను బిగించు, లేదా అడుగును ఒక శాతం దాకా పెంచు. వీలైతే స్టీఫెన్ డైరెక్టర్, రొనాల్డ్ రోరర్ 1969లో ఇచ్చిన అడ్జాయింట్ పద్ధతి వాడు. ఒక అవుట్‌పుట్‌కు సంబంధించిన సెన్సిటివిటీలన్నీ (ఒక్కో చలరాశి మారితే ఆ అవుట్‌పుట్ ఎంత మారుతుందో) ఒక్క అదనపు సాధనతో వచ్చేస్తాయి.

ఇక నిబంధనల (ఫేజ్ మార్జిన్ వంటి స్పెసిఫికేషన్ల) సంగతి. అన్నీ తీరే బిందువు దొరికేదాకా పవర్ తగ్గించే ఆలోచనే పెట్టుకోకుండా, ఉల్లంఘనల మొత్తాన్నే తగ్గించు. ట్రాన్సిస్టర్లు శాచురేషన్‌లో (ఆంప్లిఫయర్‌గా పనిచేసే స్థితిలో) ఉండాలన్న షరతును కూడా నిబంధనగా రాయడం మరువకు. ఉల్లంఘనకు వేసే పెనాల్టీని ఇష్టం వచ్చినట్టు పెంచుకుంటూ పోతే సమస్య ఇల్-కండిషన్డ్ (లెక్కకు లొంగనిది) అవుతుంది కనుక, పెనాల్టీతో పాటు ప్రతి నిబంధనకూ ఒక మల్టిప్లయర్ (గుణకం) పెట్టే ఆగ్మెంటెడ్ లగ్రాంజియన్ మేలు. అందులో వచ్చే మల్టిప్లయర్లు, ఒక డిగ్రీ ఫేజ్ మార్జిన్ కోసం ఎంత పవర్ పోతున్నదో కూడా చెప్తాయి. నన్నడిగితే జవాబు కంటే ఆ అంకెలే విలువైనవి.

ఒకే చోట బోరును ఇంకా లోతుకు దింపడం కంటే నాలుగు చోట్ల పాయింటు చూడటమే మంచిదని మన జిల్లా రైతుకు తెలుసు. నీవూ లాగ్ స్పేస్‌లో దూరదూరంగా పరచిన బిందువుల నుండి మొదలుపెట్టు. రెండు జవాబుల్లో వెడల్పులు వేరై, పవర్ దాదాపు ఒకటే అయితే, అవి రెండు లోకల్ మినిమాలని (తమ చుట్టుపక్కల మాత్రమే అన్నిటికంటే తక్కువైన వేర్వేరు గుంటలని) తొందరపడకు, అక్కడ చదునైన లోయ ఉండవచ్చు. రెండింటి మధ్య సరళరేఖ మీద కొన్ని బిందువుల దగ్గర సిమ్యులేషన్ నడిపితే కొంత తేలుతుంది. యాదృచ్ఛికంగా అడుగులేసే సిమ్యులేటెడ్ అనీలింగ్ పద్ధతి, చిప్ మీద భాగాలను అమర్చే ప్లేస్‌మెంట్‌కు బాగున్నా, పది పన్నెండు నిరంతర చలరాశులున్న నీ సమస్యకు తొలి ఎంపిక కాదు.

చివరి డిజైన్‌ను మైనస్ 40 నుండి 125 డిగ్రీల దాకా, స్లో, ఫాస్ట్ కార్నర్లలో (తయారీ తేడాల వల్ల ట్రాన్సిస్టర్లు నెమ్మదిగా, వేగంగా వచ్చే కొసల్లో) నడిపి చూడు. మల్టిప్లయర్ సున్నా కాని నిబంధనలే సాధారణంగా ముందు విరుగుతాయి కనుక వాటికే మార్జిన్ పెట్టు. ఆ ఫలితాల పట్టిక నాకు పంపు.

మీ మామ