బాల్ బ్యాడ్మింటన్ ఆడటానికి వెళ్తే దావా రాయడం నేర్పిన పెద్దసార్

కొత్త ఊరు, కొత్త ఉద్యోగం, ఏదైనా అడిగి తెలుసుకుందామంటే ఆఫీసులో ఎవరితోనూ అంత చనువు లేదు, పొద్దున్నే గ్రౌండ్‌కి వెళ్లి ఆడుకుంటే దారి చూపే పెద్దవాళ్లు నిజంగా తగులుతారా అని అడిగారు కదా. తగులుతారు. నాకు తగిలారు. కాకపోతే మీరు అడిగింది షటిల్ గురించి, నాది బాల్ బ్యాడ్మింటన్.

ఈ ఆట చూడనివాళ్ల కోసం: పసుపు రంగు ఊలు బంతి, బరువు 27 నుంచి 30 గ్రాములు, జట్టుకి ఐదుగురు, గేమ్‌కి 35 పాయింట్లు, ఎక్కువగా ఆరుబయటే ఆడతాం కాబట్టి గాలి కూడా మనతో ఆడుతుంది. వరంగల్ వాళ్లకి ఈ ఆటంటే కాస్త గర్వం. ఈ ఆటలో 1970లో అర్జున అవార్డు అందుకున్న జె. పిచ్చయ్య గారు ఇక్కడే ఉండేవారు, 2021లో నూరేళ్లు దాటాక పోయారు. మా గ్రౌండ్‌లో ఆయన పేరెత్తితే చాలు, ఇక ఆ పూట ఆట ముందుకి సాగదు.

నేనప్పుడు లా పూర్తి చేసి, లాయరుగా ఎన్‌రోల్ అయ్యి, హనుమకొండలో ఒక సీనియర్ దగ్గర జూనియర్‌గా చేరిన కొత్త. ఆయన మంచివారే గానీ చేతినిండా కేసులు, కూర్చోబెట్టి చెప్పే తీరిక ఎక్కడిది? కట్టలు మోయడం, వాయిదా తేదీ డైరీలో రాసుకోవడం, పిలిస్తే లేచి "సార్ ఆన్ ద వే" అనడం, ఇదే నా ప్రాక్టీసు. పొద్దున ఆరింటికి గ్రౌండ్‌కి వెళ్లడం ఒక్కటే కాస్త ఊపిరి ఆడే టైం.

అక్కడ వెనక లైన్‌లో ఆడే ఒక పెద్దాయన ఉండేవారు. అందరూ పెద్దసార్ అనేవాళ్లు, నేనూ అదే అనేవాణ్ని. మోకాళ్లకి పట్టీలు, తలకి మఫ్లర్, పరిగెత్తడం దాదాపు లేదు, అయినా బంతి ఆయన దగ్గరికే వచ్చి పడేది. ఎదుటివాడి భుజం చూసి ముందే అక్కడ నిలబడేవారని నాకు అర్థమవడానికి చాలా రోజులు పట్టింది. ఆటలో పాయింట్ గొడవ వస్తే మాత్రం భలే మొండి. లైన్ మీద పడిందా బయట పడిందా అని అరగంటైనా వాదించేవారు, చివరికి తనదే తప్పని తేలితే మాత్రం మారుమాట లేకుండా వెళ్లి సర్వీస్‌కి నిలబడేవారు. చాలాకాలం ఆయన ఏం చేసేవారో నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు.

ఒకరోజు ఆట అయ్యాక నేరుగా కోర్టుకి పోదామని నా బండికి దావా కాగితాల సంచీ తగిలించి ఉంది. ఫైలింగ్ సెక్షన్ వాళ్లు అభ్యంతరాలు రాసి వెనక్కి పంపిన ఇంజంక్షన్ దావా అది, అంటే ఎదుటివాళ్లని ఆస్తి జోలికి రాకుండా ఆపమని కోర్టుని అడిగేది. "ఏంది, రిటర్న్ కొట్టిండ్రా?" అని ఆయనే అడిగి కాగితాలు చేతిలోకి తీసుకున్నారు. మొదటి పేజీ చూడలేదు. చివరి నుంచి తిప్పారు: ముందు ఆస్తి వివరాలుండే షెడ్యూలు, తర్వాత రాసిందంతా నిజమేనని చెప్పే వెరిఫికేషన్ కింద సంతకం, ఆ తర్వాత కోర్టు ఫీజు లెక్క. మఫ్లర్ అంచుతో కళ్లద్దాలు తుడుచుకుని, "ఇండ్ల అసలైన అభ్యంతరాలు రెండే ఉన్నయి, మిగతావి సంతకం పెడితే అయిపోతయి" అన్నారు. సివిల్ కోర్టు ఆఫీసులో సిరస్తాదారుగా, అంటే వచ్చిన దావాలు సరిచూసే ఆఫీసు పెద్దగా రిటైరయ్యారని అప్పుడు తెలిసింది. అంటే నాలాంటివాళ్లు తెచ్చే దావాలు ఉద్యోగమంతా ఆయన చేతుల మీదుగానే పోయాయన్నమాట.

ఆ రెండిట్లో ఒకటి హద్దులు. స్థిరాస్తి దావా అంటే ఆస్తిని గుర్తుపట్టేలా షెడ్యూల్లో వివరం ఇవ్వాలి, సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఆర్డర్ 7 రూల్ 3 చెప్పేది అదే. మామూలుగా అందరూ చేసేది పాత దస్తావేజులో ఉన్న నాలుగు హద్దులు దించేయడం. తూర్పున ఫలానావారి భూమి అని ఉంటుంది, ఆ ఫలానావారు పోయి, ఆ భూమి రెండు చేతులు మారి, ఇప్పుడక్కడ ప్లాట్లు వేసి ఉంటారు. పాత పేరు ఉంచు, ఇప్పుడు ఎవరి స్వాధీనంలో ఉందో పక్కనే రాయి అన్నారు. విస్తీర్ణానికీ హద్దులకీ పొంతన లేనప్పుడు కోర్టులు మామూలుగా హద్దుల వైపే మొగ్గుతాయి కాబట్టి, ఆ నాలుగు లైన్లు తక్కిన పదిహేను పేజీల కంటే ముఖ్యమట. ఇంకోమాట కూడా అన్నారు: "క్లయింట్‌ని తోలుకొని ఫస్ట్ భూమి మీదికి పో. రేపు కోర్టు పంపే కమిషనర్ వచ్చి చూసేది నువ్వు ఇయ్యాల్నే చూడు." ఇది కాలేజీలో ఎవరూ చెప్పలేదు.

అప్పటి నుంచి ఆట అయ్యాక సిమెంట్ బెంచీ మీద టీ తాగుతూ కాసేపు ఇదే పని. ఆయన తీరు ఎలా ఉండేదంటే, సూటిగా జవాబు చెప్పరు. గవర్నమెంట్ మీద దావా వేయాలి సార్ అంటే "80 చదివినవా?" అంతే. ఇంటికెళ్లి బేర్ యాక్ట్, అంటే వ్యాఖ్యానాలు లేని చట్టం పుస్తకం తీస్తే రెండు నెలల ముందు నోటీసు ఇవ్వాలని అదే కోడ్ సెక్షన్ 80లో ఉంటుంది, అర్జెంటైతే కోర్టు అనుమతితో నోటీసు లేకుండా వేయొచ్చని దాని కిందే ఉంటుంది. మర్నాడు రెండోది కూడా చెప్పకపోతే మళ్లీ చదువుకుని రమ్మనేవారు. కేవియట్, అంటే మా మాట వినకుండా ఆర్డర్ ఇవ్వొద్దని ముందే కోర్టులో వేసుకునే అర్జీ, 90 రోజులే నిలుస్తుంది, ఆ తేదీ డైరీలో ఎర్ర ఇంకుతో రాసుకోమని పోరేవారు. నాకు కోపం వచ్చిన రోజులూ ఉన్నాయి, ఒక్కమాట చెబితే పోయేదానికి ఇంత అవసరమా అని. ఇప్పుడు మా ఆఫీసులో జూనియర్లకి నేనూ సెక్షన్ నంబరే చెబుతున్నాను, వాళ్లు వెనక నన్ను ఏమనుకుంటారో నాకు బాగా తెలుసు.

ఇదంతా ఆట వల్లే కుదిరిందని నా నమ్మకం. కోర్టు ఆవరణలో ఒక సిరస్తాదారుని నేను అలా పలకరించగలిగేవాణ్ని కాదు, ఆయనా నన్ను దగ్గరికి రానిచ్చేవారు కాదు, అక్కడి మర్యాదలు వేరు. గ్రౌండ్‌లో మాత్రం నేను ముందు లైన్‌లో, ఆయన వెనక, నా తలమీదుగా పోయిన బంతికి ఆయన జవాబుదారీ. టైంకి వస్తానా రానా, ఓడిపోతే మొహం ముడుచుకుంటానా, తప్పు పక్కవాడి మీదికి తోస్తానా, ఇవన్నీ కాగితాలు చేతికి తీసుకునే ముందే ఆయన చూసేశారు. నేనూ ఆయన్ని అలాగే చూశాను. లింక్డిన్‌లో ముక్కూమొహం తెలియని పెద్దవాళ్లకి "మీ గైడెన్స్ కావాలి సార్" అని మెసేజ్ పెట్టేవాళ్లని చూస్తే అందుకే నాకు జాలేస్తుంది, అటువైపు ఆయనకి వీళ్ల గురించి ఏం తెలుసు పాపం.

మీ సంగతికొస్తే, షటిల్ అయినా పర్వాలేదు గానీ గంటకింత అని స్లాట్ బుక్ చేసుకునే ఇండోర్ కోర్టులకి వద్దు. అక్కడ మీ నలుగురితో మీరే ఆడి, టైం అవగానే ఎవరి బండి వాళ్లు ఎక్కి వెళ్లిపోతారు. రిటైరైనవాళ్లు రోజూ వచ్చే గ్రౌండ్ ఎక్కడుందో కనుక్కోండి, కాలేజీ గ్రౌండో, మున్సిపల్ పార్కో, రైల్వే క్వార్టర్స్ పక్కనో ఒకటి ఉంటుంది. మొదట్లో మిమ్మల్ని ఆటలోకి తీసుకోరు, పక్కన నిలబడి స్కోరు చెప్పమంటారు, చెప్పండి. మీ ఉద్యోగం గోడు అప్పుడే ఎత్తకండి. ఆట అయ్యాక బండి తీయకుండా టీకి ఆగండి, నెలకోసారైనా షటిల్ కాక్స్ డబ్బా మీరే కొని పట్టుకెళ్లండి.