తాతల నాటి 12 సెంట్ల ఇంటిస్థలం పంచుకునే ముందు ఏం చూసుకోవాలి?

విశాఖపట్నం పెందుర్తి దగ్గర 12 సెంట్లు, అంటే 581 గజాలు, అన్నదమ్ములిద్దరూ చెరిసగం చేసుకోవాలనుకుంటున్నాం, ఈసీలో (ఆస్తి మీద లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో) ఏమీ లేదు, ఇంకేం చూడాలి అని అడిగారు. ఈసీతో ఆగిపోకండి. అందులో రిజిస్టరైన లావాదేవీలే ఉంటాయి. సాదా కాగితం మీద జరిగిన అమ్మకం, రిజిస్టరు చేయించని వీలునామా కనబడవు. ఆ నేల అసలు పట్టా భూమేనా అన్నదీ అది చెప్పదు. ఆన్‌లైన్‌లో 1983 నుంచే దొరుకుతుంది, అంతకు ముందువాటికి సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో దరఖాస్తు పెట్టుకోవాలి.

ముందు సర్వే నంబరు పాత రూపం పట్టుకోండి. ఇప్పటి 45/2ఏ ఒకప్పుడు 45/2, ఇంకా ముందు ఉత్త 45 అయ్యుండొచ్చు. మూడింటి మీదా ఈసీ తీయించాలి. టౌన్ సర్వే జరిగిన చోట టీఎస్ (టౌన్ సర్వే) నంబరు, రీసర్వే జరిగిన చోట ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) నంబరు వేరేగా ఉంటాయి. పాతదానికీ కొత్తదానికీ పొంతన చూపే కాగితం రాతపూర్వకంగా తీసుకోండి. నోటిమాట నమ్మితే పక్కవాళ్ల స్థలం రికార్డు చదువుకుంటూ కూర్చుంటారు.

అన్నిటికన్నా ముఖ్యం సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్. మన వైపు చాలా ఊళ్లు జమీందారీలవి. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత ఏ నేల ఏ రకమో తేల్చి రాసింది ఇందులోనే. తహశీల్దారు ఆఫీసులో నకలు అడగండి. రైత్వారీ పట్టా అని ఉంటే సరే. గెడ్డ (వాగు), చెరువు, కొండ పోరంబోకు, గయాలు (బీడుగా వదిలేసిన భూమి) అని ఉంటే అక్కడే ఆగి లాయరుగారికి చూపించండి, ఆ తర్వాత ఎన్ని రిజిస్ట్రేషన్లు జరిగినా నేల రకం మారదు. డీ-పట్టా (ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ భూమి పట్టా) అయితే షరతులు, తేదీ చదవండి. 18-6-1954 తర్వాత ఇచ్చినవాటికి మామూలుగా అమ్మకూడదనే షరతు ఉంటుంది. వేపగుంట, చీమలాపల్లి పక్కనైతే సింహాచలం దేవస్థానానికీ అక్కడి అయిదు ఊళ్లవాళ్లకీ మధ్య నడిచే పంచగ్రామాల భూవివాదంలో మీ నంబరు ఉందేమో విడిగా చూడండి. రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల 22ఏ జాబితాలో మీ నంబరు కనిపిస్తే కంగారు పడొద్దు. కొంత విస్తీర్ణమే నిషిద్ధమైనా మొత్తం నంబరు ఎక్కించిన సందర్భాలు ఉంటాయి, విస్తీర్ణం గడి చూడండి.

ఎఫ్ఎంబీ (సర్వే నంబరు హద్దులు, కొలతలు చూపే పటం) నకలు చదివేటప్పుడు ఒక జాగ్రత్త. పాత కొలతలు లింకుల్లో ఉంటాయి, 100 లింకులంటే 66 అడుగులే. అడుగులనుకుని కొలిస్తే హద్దు పక్క స్థలంలోకి పోతుంది. గెడ్డ గీత మీ మూల మీదుగా పోతుంటే ఆ నష్టమంతా ఒక్కరి వాటాలోనే పడుతుంది. అందుకే ఇవన్నీ వాటాలు గీయకముందే చూడాలి.

ఇక నేల సంగతి. గూగుల్ ఎర్త్‌లో పాత చిత్రాలు వెనక్కి జరిపి చూడండి. ఎండాకాలం చిత్రం చాలదు, అక్టోబరు, నవంబరువి వెతకండి, నీరు నిలిచే చోటు అప్పుడే తెలుస్తుంది. 2014 హుద్‌హుద్ తుఫాను తర్వాతి చిత్రాల్లో చెట్లు పడిపోయి ఉంటాయి కాబట్టి కాలవలు, గట్లు కూడా బయటపడొచ్చు. తర్వాత ఒక్కో వాటాలో కనీసం రెండు గుంతలు, 6 అడుగుల లోతున తవ్వించండి. ఇటుక ముక్కలు, ప్లాస్టిక్, నల్లటి బురద వస్తే అది పూడ్చిన నేల. పునాది ఖర్చు పెరుగుతుంది, మట్టి పరీక్ష చేయించాకే ఇల్లు. పాత నుయ్యి, సెప్టిక్ ట్యాంకు ఎక్కడ పూడ్చారో ఇరుగుపొరుగు పెద్దవాళ్లను అడగండి. వాటి మీద గోడ లేస్తే బీట తీస్తుంది. స్థలంలో ఎప్పుడైనా షెడ్డు అద్దెకిచ్చారా? పాత కరెంటు బిల్లులో కేటగిరీ చూడండి. వాణిజ్యమో పరిశ్రమో అని ఉంటే లారీ గ్యారేజీ, బ్యాటరీల పని లాంటివి జరిగాయేమో ఆరా తీయండి. ఆయిలు, సీసం పడిన మట్టిని పరీక్షకు పంపాలి. ఆ మూలలో బోరు వేసుకోవద్దు, పెరటి కూరలు పెంచొద్దు.

వీఎంఆర్‌డీఏ (విశాఖ మహానగర అభివృద్ధి సంస్థ) మాస్టర్ ప్లానులో రోడ్డు విస్తరణ గీత మీ స్థలం మీద పడుతోందేమో కూడా ల్యాండ్ యూజ్ సర్టిఫికెట్ తీసుకునేటప్పుడే అడగండి. రోడ్డు వైపున్న ముందు వాటాకే కోత పడొచ్చు.

పంపకాల దస్తావేజులో పాత నంబరు, కొత్త నంబరు రెండూ, కొలతలతో ప్లాను, వెనక వాటాకి దారి వెడల్పు రాయించండి.