బగ్గీ ముందు సస్పెన్షన్ మార్చే ముందు: అబ్బాయికి పెదనాన్న లేఖ

చిరంజీవి కార్తీక్‌కు,
పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన వీడియో ఇప్పటికి నాలుగైదుసార్లు చూశాను. గ్లామిస్ ఇసుక గుట్టల దగ్గర రైలు పట్టాల పక్కన, వాష్ రోడ్డనే గతుకుల దారి మీద, పెద్ద స్పీడు కూడా లేకుండానే నీ ఇసుక బగ్గీ మూతి ఎగిరెగిరి పడుతోంది. ప్రతి గతుక్కీ ముందు చక్రాలు రెండూ ఇసుకను వదిలేస్తున్నాయి. చక్రం గాల్లో ఉండగా నువ్వు స్టీరింగ్ తిప్పుతున్నావు, బండి మాత్రం తిన్నగానే పోతోంది. అది చూసి నాకు టెన్షన్ పట్టుకుంది. "ఏ-ఆర్మ్ కిట్ కొనేయనా పెదనాన్నా?" అని అడిగావు. చక్రాన్ని A ఆకారపు ఆర్ములతో పట్టి, ఎక్కువ దూరం కదలనిచ్చే సస్పెన్షన్ అది. ఈ సీజన్‌కి వద్దు. ఎందుకో ఫోన్లో చెబితే సగం జారిపోతుంది, అందుకే కూర్చుని రాస్తున్నాను.

నీ బండి జబ్బు ట్రావెల్ (చక్రం పైకీ కిందికీ కదలగల దూరం) తక్కువై వచ్చింది కాదు. దాని ముందు భాగం ఉన్న బరువుకి మించి బిగుసుకుపోయి ఉంది. ముందు ఈ రెండింటికీ తేడా తెలియాలి. తెలియకపోతే కొత్త కిట్‌కి వేల డాలర్లు పెట్టినా మూతి ఇలాగే ఎగురుతుంది.

విజయవాడ ఆటోనగర్‌లో మా మేనమామ షెడ్డులో నేను మొదట నేర్చుకున్న పని లారీ కమాన్ కట్టలు విప్పడం. లోడు లారీలో కూర్చుంటే ఊయల్లో ఉన్నట్టుంటుంది. అదే లారీ ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు ఎముకలు కదిలిపోతాయి. కమాన్లు అవే, రోడ్డూ అదే, బరువు ఒక్కటే తేడా. నీ బగ్గీ ముందు భాగం ఆ ఖాళీ లారీ లాంటిది. నీ బీమ్, అంటే ముందు చక్రాలను పట్టుకున్న అడ్డ గొట్టాల జత, ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కారుది. ఆ కారు బరువు 800 కిలోల దాకా ఉండేది. ఇంజన్ వెనక ఉన్నా పెట్రోలు ట్యాంకు, స్టెపినీ, డిక్కీ, రేకు బాడీ అన్నీ ముందే. ఆ బరువుకి లెక్కగట్టి గొట్టాల్లో స్ప్రింగులా మెలిదిరిగే స్టీలు పట్టీలు పెట్టారు. నీ బండికి ముందు రెండు పైపులు, నీ కాళ్లు తప్ప ఏముంది? ఆ పట్టీలకు మెలిదిరిగే అవసరమే రావడం లేదు.

బీమ్‌ని తక్కువగా చూడకు. 1964లో కాలిఫోర్నియాలో బ్రూస్ మేయర్స్ ఫైబర్‌గ్లాస్ బాడీతో మొదటి మ్యాంక్స్ బగ్గీ కట్టింది బీటిల్ సామాన్లతోనే. 1967లో మెక్సికోలోని బాహాలో జరిగిన మొదటి మెక్సికన్ 1000 రేసు గెలిచింది కూడా మ్యాంక్స్ బగ్గీయే. ఈనాటికీ అక్కడి ఎడారి రేసుల్లో 1600 సీసీ తరగతి బండ్లు ఈ రకం బీమ్ మీదే పరిగెడుతున్నాయి. పైగా నీది కింగ్ పిన్, లింక్ పిన్ రకం, అంటే చక్రాన్ని ఆర్ములకు పిన్నులతో కలిపినది. 1966 నుంచి బీటిల్‌కి బాల్ జాయింట్ బీమ్ వచ్చింది. రోడ్డు మీద అది బాగానే ఉంటుంది గానీ, చక్రం ఎక్కువ కిందికి దిగితే బాల్ జాయింట్ కోణం చాలక పట్టేస్తుంది, ఒక్కోసారి విరుగుతుంది. లింక్ పిన్‌కి ఆ బాధ లేదు. నీకు మంచి వస్తువే దొరికింది, దాన్ని పారేయకు.

ఇక పని. జాకీ పెట్టి ముందు భాగం లేపి, గట్టి స్టాండ్ల మీద నిలబెట్టు. షాకబ్జర్బర్లు విప్పెయ్. బీమ్‌లో పైనొకటి, కిందొకటి రెండు గొట్టాలుంటాయి. ఒక్కో దాంట్లో సన్నని, వెడల్పాటి స్టీలు పట్టీలు కట్టగా ఈ కొస నుంచి ఆ కొస దాకా ఉంటాయి. గొట్టం నడిమధ్య ఒక గ్రబ్ స్క్రూ, దాని మీద లాక్ నట్టు. ఆ స్క్రూ మొన పట్టీల కట్టలో ఉన్న గుంటలో కూర్చుంటుంది. రెండు కొసల్లోనూ ట్రెయిలింగ్ ఆర్ములను (బీమ్ నుంచి వెనక్కి చాచి చక్రాన్ని మోసే చేతులను) పట్టుకునేవి అలాంటి స్క్రూలే. ఒక పక్క ఆర్ము లాగేసి, మధ్య స్క్రూ వదులు చేసి, కట్టను నెమ్మదిగా బయటికి లాగు. అది రావడం మొదలవగానే ఇన్సులేషన్ టేపు చుడుతూ రా. టేపు లేకుండా లాగితే పట్టీలు చెల్లాచెదురవుతాయి, ఏది ఎక్కడిదో తెలియక సాయంత్రమంతా కూర్చోవాల్సి వస్తుంది. పాత గ్రీజు నల్లగా, గట్టిగా ఎండిపోయి ఉంటుంది. కిరసనాయిలుతో కడిగి ఒక్కో పట్టీనీ వెలుతురులో పెట్టి చూడు. అంచుల్లో వెంట్రుకంత పగులు కనిపించినా దాన్ని వాడకు.

అన్ని పట్టీలూ ఒకేసారి తగ్గించకు. పై గొట్టంలోంచి సన్న పట్టీలు ఒకటో రెండో తీసి, బిగించి, ఇసుకలో నడిపి చూడు. ఇంకా బిగువుంటే అప్పుడు మరొకటి తీద్దాం. తీసిన పట్టీలను ముక్కలుగా కోసి, రెండు కొసల్లోనూ నడిమధ్యలోనూ ఆ ఖాళీలు నింపాలి. లేకపోతే ఆర్ము గుంటలో కట్ట లూజై ఆడుతుంది. ఒక సంగతి మాత్రం మర్చిపోకు. ఆ పట్టీలు స్ప్రింగు పని ఒక్కటే చేయడం లేదు, ఆర్ములు గొట్టంలోంచి జారిపోకుండా పట్టుకున్నవి కూడా అవే. పట్టీలన్నీ తీసేసి కాయిలోవర్ల (చుట్టూ స్ప్రింగున్న షాకుల) మీద నడపాలనుకునేవాళ్లు, వాటి బదులు ఆర్ములను పట్టే రాడ్లు వేసుకుని తీరాలి. వేయకపోతే పరుగులో చక్రం ఆర్ముతో సహా ఊడొస్తుంది.

పట్టీలు తగ్గితే మూతి కొంచెం దిగుతుంది. దానికి బీమ్ నడుమ అడ్జస్టర్ వెల్డింగ్ చేయించవచ్చు. అయితే అడ్జస్టర్ ఎత్తును మారుస్తుందే గానీ మెత్తదనాన్ని మార్చదు. చాలామంది దాన్ని తిప్పి బండిని పైకి లేపి 'సస్పెన్షన్ బాగుపడింది' అనుకుంటారు. అలా లేపితే చక్రం కిందికి దిగే చోటే పోతుంది. నీ బీమ్‌కి ఉన్న ట్రావెల్ నాలుగైదు అంగుళాలే. నువ్వు కూర్చున్నాక అందులో మూడో వంతు కుంగాలి. అంటే చక్రం ఇంకో అంగుళంన్నర కిందికి దిగడానికి చోటుండాలి, మిగతాది పైకి. గతుకు దాటాక గుంటలోకి చక్రాన్ని దించేది ఆ అంగుళంన్నరే. నీ వీడియోలో లేనిది అదే.

షాకబ్జర్బర్లు కూడా అప్పుడే మార్చాలి. స్ప్రింగు మెత్తబడితే వెనక్కి తన్నే బలం తగ్గుతుంది. పాత షాకుకి రీబౌండ్ (చక్రం తిరిగి కిందికి దిగేటప్పుడు షాకు అడ్డుకునే బలం) గట్టిగా ఉంటే, ఒక గతుకు దగ్గర లోపలికెళ్లిన చక్రం రెండో గతుకు వచ్చేలోపు కిందికి దిగలేదు. వరసగా నాలుగు గతుకులయ్యేసరికి చక్రం పైనే ఉండిపోతుంది, బండి రాయి మీద పోతున్నట్టుంటుంది. షాకు కొనేటప్పుడు బండి బరువు చెప్పి, ముందు భాగం తేలికని చెప్పి, రీబౌండ్ తక్కువున్నది అడుగు.

ఇప్పుడు నా గుండెలో ఉన్న మాట. నేను మొదటి బగ్గీ కొన్న ఏడాది ముందు భాగానికి స్ప్రింగు చుట్టిన కాయిలోవర్ షాకులు పెట్టాను. బీమ్ మీద ఉండే పాత షాక్ టవర్లకే బిగించాను. 'నేరుగా పెట్టేసుకోవచ్చు' అని అమ్మినతను అన్నాడు, నేనూ సరే అనుకున్నాను. ఆ టవర్లు షాకు కుదుపును ఆపడానికి చేసినవి, బండి బరువు మోయడానికి కాదు. గ్లామిస్‌లోని ఓల్డ్స్‌మొబైల్ హిల్ అనే పెద్ద గుట్ట దిగుతుంటే, కింద మెలిక దగ్గర ఎడమ టవరు గొట్టం నుంచి కాగితంలా చిరిగింది. ఆ పక్క మూతి ఇసుకలో దిగబడి బండి పక్కకు తిరిగిపోయింది. పక్క సీట్లో మీ అక్క ఉంది, అప్పుడు దానికి పన్నెండేళ్లు. బెల్టు గట్టిగా ఉంది కాబట్టి భుజం మీద వాతతోనే బయటపడింది. ఆ నీలిమచ్చ రెండు వారాలు ఉంది, రోజూ చూశాను. అందుకే చెప్తున్నాను: కాయిలోవర్ గానీ, గాలి షాకు గానీ పెట్టాలంటే మొదట టవర్లను మందపాటి ప్లేటుతో, వెనక్కి ఫ్రేముకి పైపు ఆధారంతో బలపరచాలి. అది చేయించేదాకా మామూలు షాకులే వాడు.

ట్రావెల్ కొసల్లో ఆపే పని కూడా షాకుకి వదలకు. పైకొచ్చేటప్పుడు రబ్బరు బంప్ స్టాపు ఆపాలి, కిందికి దిగేటప్పుడు నైలాన్ లిమిట్ స్ట్రాప్ ఆపాలి. స్ట్రాపు కొంచెం సాగుతుంది. ఆ సాగుదల లెక్కేసి, షాకు కొసకు చేరకముందే బిగిసేలా కట్టు.

స్టీరింగ్ సంగతి. ఈ బీమ్‌లో ఆర్ములు ముందూ వెనకా దిశలో ఉండి పైకీ కిందికీ ఊగుతాయి కాబట్టి చక్రం నిలువుగా పోతుంది, క్యాంబర్ (చక్రం పక్కకు వాలే కోణం) మారదు. స్టీరింగ్‌ను చక్రానికి కలిపే టై రాడ్ మాత్రం అడ్డంగా ఉండి, దాని కొస విల్లులా వంపు గీస్తూ తిరుగుతుంది. అందుకే ఎత్తు మారినప్పుడల్లా చక్రం కొంచెం లోపలికో బయటికో తిరుగుతుంది. పట్టీలు బిగించకముందే చూడు. స్ప్రింగు లేకుండా చక్రాన్ని చేత్తో అంగుళం అంగుళం పైకి లేపుతూ, పక్కన దారం కట్టి, రిమ్ము ముందు అంచుకీ వెనక అంచుకీ దూరం టేపుతో కొలిచి రాసుకో. నడిమి ఎత్తులో టై రాడ్లు ఇంచుమించు నేలకు సమాంతరంగా ఉంటే తేడా తక్కువ వస్తుంది. ఇది గంట పని. ఆ గంట దగ్గర బద్ధకించొద్దు. కొత్త ఎత్తు కుదిరాక టో-ఇన్ (చక్రాల ముందు అంచులు కాస్త లోపలికి తిరిగి ఉండటం) మళ్లీ సరిచెయ్. నేను ఎనిమిదో వంతు అంగుళం పెడతాను. స్పీడులో స్టీరింగ్ వణికితే క్యాస్టర్ (చక్రం తిరిగే పిన్ను వెనక్కి వాలిన కోణం) తక్కువై ఉండొచ్చు. కింది గొట్టానికీ ఫ్రేముకీ మధ్య షిమ్ములు (సర్దుబాటుకి పెట్టే బిళ్లలు) వేస్తే అది పెరుగుతుంది.

లింక్ పిన్‌ల దగ్గరున్న షిమ్ములు ఎన్ని ఉన్నాయో, ఏ పక్క ఎన్నో ఫోటో తీసుకుని విప్పు. మొత్తం లెక్క మారకూడదు. అటు తీసింది ఇటు వేయాలి, అప్పుడే క్యాంబర్ సరిగ్గా కుదురుతుంది. ఎడమ చక్రం హబ్ నట్టుకి ఎదురు మర ఉంటుంది. మామూలుగా తిప్పి నట్టు రావట్లేదని పెద్ద పైపు తగిలిస్తే మర పోతుంది. ఇక ప్రతి ట్రిప్పు నుంచి వచ్చాక బీమ్ నిపిల్స్‌కీ లింక్ పిన్‌లకీ గ్రీజు పట్టించు. బండి చక్రాలు గాల్లో ఉండాలి, లోపలి పాత గ్రీజు ఇసుకతో కలిసి బయటికొచ్చి కొత్త గ్రీజు రంగు కనిపించేదాకా కొట్టు.

ఏ-ఆర్మ్‌లు ఎప్పుడంటావా? నీ బండి వెనక ట్రావెల్ పెంచిన నాడు. ముందు 14 అంగుళాలు, వెనక ఆరు అంగుళాలు అయితే మూతి మెత్తగా లోపలికెళ్తుంది, అదే గతుక్కి వెనక చక్రం తన్ని తోక లేస్తుంది. గుట్టల మధ్య అలా జరిగితే బండి మొగ్గ వేస్తుంది. ఆ రోజు వచ్చినా స్ప్రింగు కంటితో చూసి కొనకు, లెక్క వేసి కొను. నువ్వు కూర్చుని, ట్యాంకు నింపి, రెండు ముందు చక్రాల కింద కాటాలు పెట్టి తూయి. చక్రానికి 240 పౌండ్లు వచ్చిందనుకో. చక్రం, హబ్బు లాంటి స్ప్రింగు మోయని బరువు 60 తీసేస్తే 180. చక్రం 10 అంగుళాలు కదిలితే షాకు 6 అంగుళాలే కదులుతుంటే నిష్పత్తి 0.6. దాని వర్గం 0.36. అంటే అంగుళానికి 100 పౌండ్ల స్ప్రింగు చక్రం దగ్గర 36 పౌండ్లే పని చేస్తుంది. 180ని 36తో భాగిస్తే ఐదు అంగుళాలు కుంగుతుంది. 14లో ఐదు, అంటే సుమారు మూడో వంతు. సరిపోయింది. 'గట్టిగా ఉంటే మంచిది కదా' అని 250 స్ప్రింగు పెడితే చక్రం దగ్గర 90 పౌండ్లు, కుంగేది రెండే అంగుళాలు. మళ్లీ ఖాళీ లారీ అన్నమాట.

మార్చాక గుట్టలెక్కకుండా మొదట అదే వాష్ రోడ్డు మీద అదే స్పీడులో ఐదు మైళ్లు నడుపు. ఆగి, బోల్టుల మీద నువ్వు పెయింటు పెన్నుతో గీసిన గీతలు జరిగాయేమో చూడు. షాకులు రెండూ తాకి చూడు. ఒకటి వేడిగా, రెండోది చల్లగా ఉంటే చల్లనిది పని చేయడం లేదు. మీ అమ్మకు మాటిచ్చావు కాబట్టి ఎనిమిది అడుగుల జెండా కర్ర, హెల్మెట్, చేతుల బెల్టులు లేకుండా కదలకు.

వచ్చే శనివారం బీమ్ విప్పకుండా బండి ట్రైలర్ మీదే చాండ్లర్‌లో మా ఇంటికి తీసుకురా. నా దగ్గర రెండు కాటాలున్నాయి, పాత బీమ్ తాలూకు పట్టీల కట్ట ఒకటి టేపు చుట్టి దాచాను. పొద్దున్నే మొదలుపెడితే మధ్యాహ్నం భోజనానికి పై గొట్టం తెరుస్తాం. మీ పెద్దమ్మ గోంగూర పచ్చడి చేస్తానంది. ఆకలితో రా.

ప్రేమతో,
పెదనాన్న