నలుగురు కూర్చుని ప్రపంచం గురించి మాట్లాడుకోవాలంటే

దైవాజ్ఞ మీద కాకుండా మనిషి విచక్షణ మీద నీతిని నిలబెట్టాలనే మానవవాదం ఆధారంగా చర్చా బృందాలు నడుపుతున్నవాళ్లు, కొత్తగా మొదలుపెట్టాలనుకుంటున్నవాళ్లు పంపిన ప్రశ్నల్లో ఎక్కువమందికి పనికొచ్చేవాటిని ఈసారి తీసుకున్నాం.

ప్రశ్న: మేం ఎనిమిది మంది స్నేహితులం. యుద్ధాలు, వలసలు, వాతావరణ మార్పు లాంటి వాటి మీద నెలకోసారి కూర్చుని మాట్లాడుకోవాలనుకుంటున్నాం. కొత్తవాళ్లనూ కలుపుకోవాలని ఉంది. ఎంతమంది ఉంటే బాగుంటుంది? విషయం ఎలా ఎంచుకోవాలి?

జవాబు: ముందు లెక్క వేసుకోండి. గంటన్నర సమావేశంలో విషయ పరిచయానికి 10 నిమిషాలు, చివర్లో 15 నిమిషాలు పోతే మిగిలేది 65 నిమిషాలు. 12 మంది ఉంటే మనిషికి అయిదు నిమిషాల పైచిలుకు వస్తుంది. 25 మంది ఉంటే రెండున్నర నిమిషాలే. అంత తక్కువ సమయంలో అభిప్రాయం చెప్పొచ్చు గానీ దానికి కారణం చెప్పి, ఎదుటివాళ్ల సందేహం కూడా తీర్చడం ఎవరి వల్లా కాదు. అందుకే 14 మంది దాటితే రెండు జట్లుగా కూర్చోండి. చివరి 15 నిమిషాలకు మళ్లీ ఒకచోట చేరండి.

ఇక విషయం సంగతి. ‘శరణార్థుల సమస్య’ అని రాసి పంపితే ఒక్కొక్కరూ ఒక్కో చర్చకు సిద్ధమై వస్తారు. ఒకరు సరిహద్దు భద్రత గురించి, ఇంకొకరు దయ గురించి, మరొకరు ఉద్యోగాల గురించి మాట్లాడతారు. ఎవరి మాటా ఎవరికీ తగలదు. అంశాన్ని జవాబు కోరే ప్రశ్నగా రాయండి. ఉదాహరణకు, ‘ఆశ్రయం పొందినవాళ్లకు ఆ దేశంలో పనిచేసుకునే హక్కు ఎప్పటినుంచి ఉండాలి?’ అని. 1951 నాటి ఐక్యరాజ్యసమితి శరణార్థుల ఒప్పందం 17వ అధికరణంలో దీని ప్రస్తావన ఉంది. స్థానికుల ఉద్యోగాల్ని కాపాడటానికి విదేశీయుల మీద పెట్టే ఆంక్షలు, ఆ దేశంలో మూడేళ్లు నివసించిన శరణార్థికి వర్తించవని అది చెబుతుంది. మూడేళ్లు ఎక్కువా, తక్కువా? అక్కడ మొదలైతే చర్చ గాల్లో తేలదు.

మాటల అర్థాలు కూడా ముందే తేల్చుకోండి. ఆ ఒప్పందం ప్రకారం జాతి, మతం, జాతీయత, ఒక సామాజిక సమూహానికి చెందడం, రాజకీయ అభిప్రాయం అనే అయిదు కారణాల్లో ఏదో ఒకదాని వల్ల వేధింపులకు గురవుతామన్న తగిన భయంతో దేశం దాటినవారే శరణార్థులు. సముద్రమట్టం పెరిగి నేల పోగొట్టుకున్నవాళ్లు నేరుగా ఆ నిర్వచనంలోకి రారు. ‘వలసదారు’, ‘శరణార్థి’ అన్న మాటల్ని ఒకదానికి బదులు ఒకటి వాడేయడం వల్ల వచ్చే తగాదాలు చాలా ఉన్నాయి. అలా తగాదా పడేవాళ్ల మధ్య నిజంగా భేదాభిప్రాయమే ఉండదు.

ప్రశ్న: దేవుణ్ని నమ్మే ఇద్దరు మా బృందంలో చేరతామంటున్నారు. ‘మానవవాదం అంటే నాస్తికత్వమే కదా, వాళ్లెందుకు?’ అని కొందరు అభ్యంతరం చెబుతున్నారు. ఏం చేయాలి?

జవాబు: చేర్చుకోండి. అయితే ఒక విషయం దాచకుండా చెప్పండి. మానవవాద సంఘాల ప్రపంచ సమాఖ్య, ఈ రోజు హ్యూమనిస్ట్స్ ఇంటర్నేషనల్ అని పిలుస్తున్న సంస్థ, 1952లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఏర్పడింది. అప్పుడు తమ సూత్రాలు చెబుతూ చేసిన ప్రకటనను 2002లో, 2022లో తిరగరాశారు. దైవాజ్ఞ మీద కాకుండా మనిషి విచక్షణ మీద, సాటి మనిషి పట్ల సానుభూతి మీద నీతిని నిలబెట్టాలన్నది ఆ సంప్రదాయం. మీ బృందం దాన్నుంచే వచ్చిందని కొత్తవాళ్లకు తెలియాలి. ‘మాకు అలాంటిదేమీ లేదు’ అని మభ్యపెట్టి పిలిస్తే రెండో సమావేశానికే నమ్మకం పోతుంది.

కానీ ఒక మనిషి ఏం నమ్ముతాడన్నది గుమ్మం దగ్గర అడగాల్సిన ప్రశ్న కాదు. బల్ల దగ్గర ఒకే నియమం పెట్టుకోండి: ఎవరు ఏం చెప్పినా, అక్కడున్న అందరూ పరీక్షించి చూడగలిగిన కారణం చెప్పాలి. ‘మా గ్రంథంలో ఉంది’ అన్నది ఒక్కటే చాలదు. ‘సైన్స్ చెప్పింది’ అన్నదీ ఒక్కటే చాలదు. ఏ అధ్యయనం, ఎవరి మీద, ఎలా చేశారు? ఈ నియమం నాస్తికులకూ అంతే గట్టిగా వర్తించాలి. చాలా బృందాలు తప్పేది ఇక్కడే. విశ్వాసిని ఒక్కో మాటకూ రుజువు అడుగుతారు, తమవాళ్ల దాకా వచ్చేసరికి తల ఊపేస్తారు. మతం పుచ్చుకునే, మార్చుకునే, వదులుకునే స్వేచ్ఛల్ని ఐక్యరాజ్యసమితి విశ్వ మానవ హక్కుల ప్రకటన 18వ అధికరణం ఒకే చోట కాపాడుతుంది. బృందం కూడా ఈ మూడింటికీ ఒకే గౌరవం ఇవ్వాలి.

ప్రశ్న: ప్రతిసారీ ఆ ముగ్గురే మాట్లాడతారు. ఆడవాళ్లు, చిన్నవాళ్లు వింటూ కూర్చుంటారు. అడిగితే ‘మాకు చెప్పడానికి ఏం లేదు’ అంటారు.

జవాబు: చెప్పడానికి లేక కాదు, చోటు లేక. దీనికి స్వభావాల్ని మార్చబోకండి, పద్ధతి మార్చండి.

మొదట, ప్రశ్న చదవగానే రెండు నిమిషాల మౌనం. అందరూ కాగితం మీద తమ జవాబు రెండు వాక్యాల్లో రాసుకోవాలి. ఇది లాంఛనం కాదు. 1950లలో మనస్తత్వ శాస్త్రవేత్త సాలమన్ ఆష్ చేసిన ప్రయోగాల్లో, గీతల పొడవు పోల్చడం లాంటి కళ్లకు కనబడే విషయంలో కూడా, చుట్టూ ఉన్నవాళ్లంతా తప్పు చెబితే మూడింట ఒక వంతుకు పైగా సందర్భాల్లో జనం ఆ తప్పుకే తల ఒగ్గారు. అదే గుంపులో ఒక్కరు నిజం చెప్పినా ఆ లొంగుబాటు అంతకుముందున్న దానిలో నాలుగో వంతుకు పడిపోయింది. కాగితం మీద రాసుకున్న మాట ఆ ‘ఒక్కరి’ని కాపాడుతుంది.

రాశాక ఒక చుట్టు. ఒక్కొక్కరికి రెండు నిమిషాలు, మధ్యలో ఎవరూ అడ్డు రాకూడదు. చుట్టు ఎప్పుడూ ఒకే మనిషితో మొదలుపెట్టకండి. వయసులో పెద్దవాళ్లు, ఆ విషయంలో నిపుణులు చివర్లో మాట్లాడితే మంచిది. సమన్వయకర్త తన అభిప్రాయం అసలు చెప్పకపోతే ఇంకా మంచిది. ‘నా వంతు తర్వాత’ అనే హక్కు అందరికీ ఉండాలి, లేకపోతే చుట్టు పరీక్ష గదిలా తయారవుతుంది. తర్వాతకు అన్నవాళ్లను చుట్టు పూర్తయ్యాక మరోసారి అడగాలి. ఈ చిన్న పని మర్చిపోవడం వల్లే పద్ధతి చెడిపోతుంది.

ఆ తర్వాత బహిరంగ చర్చ. మనిషికి మూడు కార్డులు ఇవ్వండి. మాట్లాడిన ప్రతిసారీ ఒకటి బల్ల మీద పెట్టాలి. కార్డులు అయిపోయినవాళ్లు, అందరివీ అయ్యేదాకా వినాలి. మొదటి రెండు సమావేశాల్లో ఆ ముగ్గురూ చిరాకు పడతారు. వాళ్లను పక్కకు పిలిచి ముందే కారణం చెప్పండి, అందరి ముందు హెచ్చరించకండి. ఎక్కువ మాట్లాడేవాళ్లు చాలాసార్లు బృందాన్ని ఎక్కువ ప్రేమించేవాళ్లే. వాళ్లకు సమయపాలన, సారాంశం రాయడం లాంటి బాధ్యత ఇస్తే ఆ ఉత్సాహం అందరికీ పనికొస్తుంది.

గది గురించీ ఒక మాట. గొంతు పెద్దగా ఉన్నవాళ్లు ‘నాకు మైకు అక్కర్లేదు’ అంటారు. మైకు మాట్లాడేవాళ్ల కోసం కాదు, సరిగా వినబడనివాళ్ల కోసం. అందుకని అందరూ మైకులోనే మాట్లాడాలి. మెట్లు లేని దారి, చక్రాల కుర్చీ పట్టే తలుపు, పసిపిల్లలతో వచ్చినవాళ్లకు కాస్త చోటు ఉన్నాయో లేవో ఆహ్వానంలోనే రాయండి. అడిగి తెలుసుకోవాల్సి వస్తే చాలామంది అడగరు, రారు.

వాడే భాష కూడా గుమ్మం లాంటిదే. 1948 విశ్వ మానవ హక్కుల ప్రకటన మొదటి అధికరణం ముసాయిదాలో ‘పురుషులందరూ’ అని అర్థమొచ్చే మాట ఉండేది. ‘మానవులందరూ’ అని మార్చాలని పట్టుబట్టి సాధించింది భారత ప్రతినిధి హంసా మెహతా. ఆ ఒక్క మాటతో సగం లోకం ఆ వాక్యంలోకి వచ్చింది.

ప్రశ్న: ఒక యుద్ధం గురించిన చర్చలో ఇద్దరు సభ్యులు కేకలు వేసుకున్నారు. ఇద్దరికీ చెరోవైపు బంధువులున్నారు. ఇకమీద ఇలాంటి అంశాలు మానేయాలా?

జవాబు: మానేయకండి. మనసుకు దగ్గరైనవి మానేస్తే మిగిలేది కాలక్షేపం. అయితే ఆ ఇద్దరితో సమావేశానికి ముందే విడివిడిగా మాట్లాడి ఉండాల్సింది. అయినవాళ్లు ప్రమాదంలో ఉన్న మనిషిని ‘మీ వైపు వాదన చెప్పండి’ అని ఎప్పుడూ అడగకూడదు. ఆ మనిషి ఏ ప్రభుత్వానికీ ప్రతినిధి కాదు. మాట్లాడాలా, ఊరుకోవాలా, ఆ రోజు రాకుండా ఉండాలా అన్నది తన ఇష్టమే.

చర్చ వేడెక్కినప్పుడు గణిత మనస్తత్వ శాస్త్రవేత్త అనతోల్ రాపపోర్ట్ పేరు మీద ప్రచారంలో ఉన్న పద్ధతి వాడండి. ఎదుటివారి వాదనను ముందు మీ మాటల్లో చెప్పాలి. ‘అవును, నేనన్నది అదే’ అని వాళ్లు ఒప్పుకున్నాకే మీ విమర్శ. మూడోసారి కూడా సరిగా చెప్పలేకపోతే వాళ్ల మాట మీకు ఇంకా అందలేదన్నమాట. ఇంత చేసినా గొంతులు లేస్తే, తప్పెవరిదని తేల్చబోకుండా అయిదు నిమిషాలు విరామం ఇవ్వండి. విరామం తర్వాత అదే ప్రశ్నకు కాకుండా, దానిలోని చిన్న భాగానికి రండి: ఇది ఏం జరిగిందన్న తగాదానా, ఏం జరగాలన్న తగాదానా, ఇకముందు ఏం జరుగుతుందన్న అంచనానా? మొదటిదైతే ఆధారం వెతకొచ్చు. రెండోది విలువలకు సంబంధించింది, దానికి వినడమే దారి. మూడోది తేదీ వేసి రాసిపెట్టుకుని ఆరు నెలల తర్వాత చూసుకోవచ్చు.

ఒక గీత మాత్రం గట్టిగా గీయండి. ఏ విధానాన్నైనా చర్చించవచ్చు. ఆ గదిలో ఉన్నవాళ్లు గానీ, లేనివాళ్లు గానీ మనుషులుగా సమానమేనా అన్నది చర్చాంశం కాదు. వలసల సంఖ్య తగ్గించాలనేవారికి చోటుండాలి. వలస వచ్చినవాళ్లు హీనులనే మాటకు ఉండకూడదు. అందరినీ కలుపుకోవడమంటే అన్ని మాటలకూ ఒకే పీట వేయడం కాదు. అలా వేస్తే, ఆ మాట తగిలినవాళ్లు చప్పుడు లేకుండా వెళ్లిపోతారు.

ప్రశ్న: ఎవరికి వాళ్లు ఫోన్‌లో వచ్చిన అంకెలు చదువుతారు. ఏది నమ్మాలి?

జవాబు: అంశం పరిచయం చేసేవాళ్లు వారం ముందే ఒక్క పేజీ నోట్ పంపాలి. ప్రతి అంకె పక్కన ఎవరు లెక్కించారు, ఏ ఏడాది, ఎంతమందిలో అన్న మూడు వివరాలూ ఉండాలి. ఇవి లేని అంకెను ఆ రోజుకు పక్కన పెట్టండి. సరైన అంకె కూడా ఒక్కటే విన్నప్పుడు దారి తప్పిస్తుంది. ఐక్యరాజ్యసమితి అంచనాల ప్రకారం 1990లో అయిదేళ్లలోపు పిల్లలు సుమారు కోటీ పాతిక లక్షల మంది చనిపోయారు. 2022లో ఆ సంఖ్య సుమారు 49 లక్షలు. సగానికి పైగా తగ్గింది. అయినా రోజుకు 13 వేలకు పైగా పిల్లలు చనిపోతున్నారు. ఒకరు మొదటి మాట, ఒకరు రెండో మాట పట్టుకుని వాదించుకుంటారు. రెండూ నిజమే.

ప్రశ్న: ‘ఎంత మాట్లాడినా ప్రపంచం మారదు’ అని ఒక్కొక్కరే మానేస్తున్నారు.

జవాబు: పరిష్కారమైన సమస్యల్నీ అంశాలుగా పెట్టండి. మశూచి నిర్మూలన కార్యక్రమాన్ని 1958లో ప్రపంచ ఆరోగ్య సభలో ప్రతిపాదించింది సోవియట్ యూనియన్. 1967 నుంచి ముమ్మరంగా సాగిన దశకు నాయకత్వం వహించింది అమెరికా వైద్యుడు డి.ఎ. హెండర్సన్. అప్పుడు నడుస్తున్నది ప్రచ్ఛన్న యుద్ధం. సహజంగా సోకిన చివరి కేసు 1977లో సోమాలియాలో నమోదైంది, 1980లో వ్యాధి అంతరించిందని ప్రకటించారు. ఓజోన్ పొరను కాపాడే మాంట్రియల్ ఒప్పందం 1987లో కుదిరింది. పేద దేశాలకు అయ్యే ఖర్చు కోసం ప్రత్యేక నిధి కూడా పెట్టారు, చివరికి ప్రపంచ దేశాలన్నీ ఆ ఒప్పందంలో చేరాయి. శత్రుదేశాలు ఎలా కలిసి పనిచేశాయి, ఖర్చెవరు పెట్టారు, ఎక్కడ ఆలస్యమైంది అని విడదీసి చూస్తే నిరాశకు బదులు పని కనబడుతుంది.

ప్రతి సమావేశం చివరి 15 నిమిషాల్లో ‘నెలలోపు ఎవరైనా చేయగల ఒక్క పని’ అడగండి. ఉత్తరం రాయడం, ఒక వివరం కనుక్కుని రావడం, కొత్తగా వచ్చిన కుటుంబానికి భాష నేర్పడం, ఏదైనా సరే. బృందం మొత్తం పేరు మీద తీర్మానాలు మాత్రం చేయకండి. ఓటు వేసిన రోజు ఓడిపోయినవాళ్లు తర్వాతిసారి రారు. ఇష్టమున్నవాళ్లు తమ పేర్లతో సంతకం చేసుకోవచ్చు.

మానేసినవాళ్లకు రెండు రోజుల్లోపు ఒకరు ఫోన్ చేయాలి. ‘ఎందుకు రాలేదు’ అని కాదు, ‘ఆ రోజు మీకేం ఇబ్బంది కలిగింది’ అని. సమన్వయకర్త మూడు నెలలకోసారి మారాలి.

ప్రశ్న: చర్చలు రికార్డు చేసి అందరికీ పంచవచ్చా?

జవాబు: వద్దు. రికార్డు నడుస్తుంటే ఎవరూ ‘నేను పొరబడ్డాను’ అనరు. లండన్‌లోని అంతర్జాతీయ వ్యవహారాల అధ్యయన సంస్థ చాతమ్ హౌస్ 1927లో పెట్టుకున్న నియమం మీకు సరిపోతుంది: విన్న విషయాన్ని బయట వాడుకోవచ్చు, చెప్పిందెవరో, ఆ రోజు ఎవరెవరు వచ్చారో బయటపెట్టకూడదు. పేర్లు లేకుండా అరపేజీ సారాంశం రాసి, మూడు రోజులు సభ్యుల మధ్య తిప్పి, అభ్యంతరం వచ్చిన వాక్యం తీసేసి అప్పుడు పంచండి.